పదునొకండు సెకండ్ల విమానము

ఫ్రాన్సు దేశపు రాజధానియైన ప్యారిస్ నగరమున 1850వ సంవత్సరము మే నెల 31వ తేదీన అల్ఫాన్సు పెనో జన్మించెను. ఆయన తండ్రి ఫ్రెంచి నౌకాదళమున అడ్మిరలు పదవిని అలంకరించినవాడు. అట్టి యింట పుట్టిన బాలునకు సముద్రముపై మక్కువ కలుగుట సహజమే. కాని విధి వేరొక విధముగా తలచినది. తుంటి కీలునకు సోకిన వ్యాధి పెనోను చిన్ననాటనే కుంటివానిని జేసెను. చంకక్రింద కర్రల ఊత లేనిదే అడుగు ముందునకు పడదు. అలలపై ఊగిసలాడు ఓడమీద నిలువలేనివానిని నౌకాదళము చేర్చుకొనదు. తండ్రి నడచిన త్రోవ ఆ విధముగా కుమారునకు మూతబడెను.

సముద్రము తనకు దక్కదని తెలిసినపిమ్మట ఆ యువకుని చూపు ఆకాశముపైకి మరలెను. ఆనాటికి మానవుడు గాలిలోనికి లేచి ఎనుబదియేండ్లు దాటినది. 1783లో మోంగోల్ఫియే సోదరులు వేడిగాలి నింపిన బుడగను నిర్మింపగా, ఆ యేడాది నవంబరు 21వ తేదీన ఇరువురు మనుష్యులు దానిలో కూర్చుండి ప్యారిస్ మీదుగా పయనించిరి. కాని బుడగకు తనదైన గమనము లేదు. గాలి తూర్పునకు వీచిన తూర్పునకు, పడమటికి వీచిన పడమటికి పోవలసినదే. గాలికంటె బరువైనదై, పక్షివలె తన బలముచేత తాను కోరిన దిక్కునకు పోగల యంత్రము కావలెను. ఇంగ్లండులో సర్ జార్జి కేలీ అను విద్వాంసుడు 1804లోనే కదలని రెక్కయు, వెనుక తోకయు గల చిన్న నమూనాను చేసి, గాలిలో జారవిడిచి చూచెను. అటుతరువాత పలువురు పలువిధముల యంత్రములను ఊహించిరి. కొందరు ఆవిరి యంత్రములను బిగించి చూచిరి. కాని గాలిలోనికి లేచినది లేచినట్లే ప్రక్కకు ఒరిగియో, ముక్కు క్రిందుజేసికొనియో కూలుట వాటికి అలవాటయ్యెను.

పెనో ఈ సమస్యను రెండుగా విడదీసెను. తేలికయైన శక్తి యొకటి కావలెను. ఎగురుచున్న వస్తువు ఎటు ఒరిగినను, మరల తనంతట తాను సరిగా నిలువవలెను. మొదటిదానికి ఆయన కనుగొన్న ఉపాయము పిల్లలకు సైతము నవ్వు పుట్టించునంత సులభమైనది. అది రబ్బరు.

అంతకుముందు నమూనాలు చేసినవారు గడియారపు ఉక్కుచుట్టను గాని, విల్లువలె వంచిన తిమింగలపు ఎముకను గాని వాడుచుండిరి. ఉక్కు బరువైనది, ఎముక త్వరగా శక్తిని కోల్పోవును. రబ్బరు తీగెలను పురివెట్టినచో, తన బరువును బట్టి చూడగా ఉక్కుచుట్టకంటె మిక్కిలి హెచ్చు శక్తిని దాచుకొనగలదని పెనో గ్రహించెను. 1870 ఏప్రిలులో, తనకు ఇరువదియేండ్లు నిండకమునుపే, రబ్బరుతో నడచు చిన్న ఆటవస్తువు నొకదానిని చేసెను. సన్నని చట్రమునకు పైనొకటి, క్రిందనొకటి రెండు గాలిమరలు; ఆ రెంటినడుమ మెలివెట్టిన రబ్బరు. విడిచిపెట్టగానే రబ్బరు మెలి విప్పుకొనుచు, ఒక మరను కుడికిని, వేరొకదానిని ఎడమకును త్రిప్పును. ఆ బొమ్మ నిట్టనిలువుగా పదునైదు మీటర్లకు పైగా లేచి, కొంతసేపు గాలిలో నిలిచి, మెల్లగా దిగుచుండెను. ఈ బొమ్మను మరువరాదు. దీని కథ మరల వచ్చును.

అదే సంవత్సరము జూలైలో ఫ్రాన్సునకును, ప్రష్యాకును యుద్ధము సంభవించెను. సెప్టెంబరులో శత్రువులు ప్యారిస్ నగరమును చుట్టుముట్టిరి. త్రోవలన్నియు మూయబడగా, నగరవాసులు ఉత్తరములను, మనుష్యులను బుడగలలో నెక్కించి శత్రుసైన్యముల తలలమీదుగా పంపిరి. వెడలినవానిలో ఒక్కటియు గాలికెదురుగా నగరమునకు తిరిగి రాలేకపోయెను. గాలి చెప్పినట్లు వినని యంత్రము ఎంత అవసరమో అందరికిని తెలిసివచ్చినది అప్పుడే. 1871 జనవరిలో ముట్టడి ముగిసెను గాని శాంతి రాలేదు. ఆ వసంతమున నగరములోనే అంతఃకలహము చెలరేగి, మే నెలలో ట్యుయిలరీ రాజప్రాసాదము అగ్నికి ఆహుతియయ్యెను.

కాలిన ఆ ప్రాసాదమునకు ముందున్న ఉద్యానవనముననే, మూడు నెలలైనను గడువకమునుపు, 1871 ఆగస్టు 18వ తేదీన ఒక చిన్న సభ కూడెను. వచ్చినవారు ఆకాశయాన సంఘ సభ్యులు. వారికి చూపుటకై పెనో తెచ్చినది ఒక పుల్ల, కొన్ని రెక్కలు, కొంత రబ్బరు.

ఆ వస్తువునకు ఆయన ప్లానోఫోరు అని పేరిడెను. దాని పొడవు 50 సెంటీమీటర్లు. రెక్కల వెడల్పు ఒక కొననుండి వేరొక కొనకు 45 సెంటీమీటర్లు. తూకము 16 గ్రాములు. నేటి పది రూపాయల నాణెములు రెండిటిని అరచేత నుంచుకొన్న ఆ బరువు తెలియును. అందులో 5 గ్రాములు రబ్బరే. పుల్లక్రింద రబ్బరును సాగదీసి కట్టి, దాని వెనుక కొనకు 20 సెంటీమీటర్ల గాలిమరను తగిలించెను. ఈనాడు దీనిని ప్రొపెల్లరు అందుము. రెక్కలు పుల్ల నడుమను, చిన్న తోక వెనుకను అమరియుండెను. గాలిమరను వేలితో త్రిప్పి త్రిప్పి రబ్బరునకు రెండువందలకు పైగా మెలికలు వేసి విడిచెను.

అది ఎగిరెను. పడిపోలేదు, ప్రక్కకు ఒరుగలేదు. వంపుదిరుగుచు పోయి, రబ్బరు మెలి విడిపోయినపిమ్మట మెల్లగా నేలకు దిగెను. అది ఎగిరిన దూరము 40 మీటర్లు, అనగా 131 అడుగులు. పట్టిన కాలము 11 సెకండ్లు. హనుమకొండలోని ఏ పాఠశాల మైదానమున నైనను ఆ దూరమును కొలిచి చూడవచ్చును. ఒక గోడనుండి వేరొక గోడకు చాలదు. పరుగెత్తగల బాలుడు దానితో సమముగా పోగలిగియుండును. దానిని చేసినవాడు మాత్రము కర్రలపై నిలిచి చూడవలసినవాడే.

ఇంత చిన్న వస్తువునందు అంత గొప్ప యేమి కలదని అడుగవచ్చును. రబ్బరునందు కాదు, రెక్కలును తోకయు అమరిన తీరునందు కలదు. సంక్రాంతినాడు గాలిపటము నెగురవేసిన పిల్లలందరికిని ఒక సంగతి తెలియును. దారము సరిగా కట్టనిచో పటము గిరగిర తిరిగి తలక్రిందుగా పడును. పటమునకు దారమైనను ఆధారముగా నున్నది; విమానమునకు అదియు లేదు. దానిని సరిదిద్దు చేయి ఏదియును దానిని పట్టుకొని యుండదు. కావున తంజావూరు బొమ్మను ఎటు త్రోసినను మరల లేచి నిలుచున్నట్లు, విమానమును గాలి ఎటు త్రోసినను అది మరల నిలువవలెను.

అందుకై పెనో రెండు పనులు చేసెను. రెక్కల కొనలను కొంచెము పైకి ఎత్తెను. ఎగురుచున్నప్పుడు గాలి తాకిడికి ఎడమ రెక్క క్రిందికి వంగినదనుకొనుడు. విమానము ఎడమవైపునకు జారసాగును. జారునపుడు, కొన ఎత్తియుండుటచేత, వంగిన రెక్కకు గాలి మరింత నిలువుగా తాకి దానిని పైకి నెట్టును. అటువైపు రెక్కకు ఆ బలము తగ్గును. విమానము మరల సమముగా నిలుచును. ఇది మొదటిది. ఇక తోకను ఆయన రెక్కతో సమముగా ఉంచక, దానికంటె సుమారు 8 డిగ్రీలు తక్కువ కోణమున వంచి బిగించెను. విమానపు ముక్కు క్రిందికి వంగినచో వేగము పెరుగును. వేగము పెరిగినకొలది గాలి ఆ తోకను క్రిందికి నొక్కును. తోక క్రిందికి పోగా ముక్కు పైకి లేచును. ముక్కు ఎక్కువగా లేచినచో వేగము తగ్గి, తోకపై ఒత్తిడి సడలి, మరల ముక్కు దిగును. తక్కెడ ముల్లు అటునిటు ఊగి నడుమకు వచ్చినట్లు విమానమును నడుమకు వచ్చును.

కేలీ మహాశయుడు ఈ త్రోవను ముందే సూచించియుండెను. కాని తనంతట తానుగా సమతూకము నిలుపుకొనుచు, తన శక్తితో ఎగురు విమానమును పదిమంది ఎదుట చూపి, అది ఎందువలన నిలుచుచున్నదో లెక్కలతో వివరించిన ఘనత పెనోదే. 1872లో ఆయన ఈ విషయమునంతను ఒక వ్యాసముగా ప్రకటించెను. 1875లో ఫ్రెంచి శాస్త్ర పరిషత్తు ఆయనకు బహుమానమిచ్చి గౌరవించెను. అప్పటికి ఆయనకు ఇరువదియైదేండ్లు.

బొమ్మ ఎగిరినది. ఇక మనుష్యుడు ఎగురవలెను. పోల్ గోషో అను యంత్రనిర్మాతను తోడు చేసికొని పెనో ఇరువురు మనుష్యులు కూర్చుండదగిన పెద్ద విమానమునకు చిత్తులు గీసి, 1876లో దానికి హక్కుపత్రమును పొందెను. ఆ పటమును నేడు చూచువారికి ఆశ్చర్యము కలుగక మానదు. ఎదురెదురు దిక్కులకు తిరుగు రెండు ప్రొపెల్లర్లు ముందున్నవి. నేలను విడిచినంతనే చక్రములు లోనికి ముడుచుకొనును. నీటిపై దిగినను తేలుటకు అడుగు పడవవలె నున్నది. నడుపువానికి గాలి తగులకుండ అద్దపు కప్పు కలదు. పైకి పోవుటకును, ప్రక్కకు తిరుగుటకును ఒకే పిడి చాలును. ఇవన్నియు నేటి విమానములలో చూచునవే. అయినను ఆనాటికి మనుష్యుని మోసికొని యంత్రబలముతో ఎగిరిన విమానము భూమిమీద ఒక్కటియు లేదు. దాని బరువు 1,200 కిలోలు ఉండునని, గంటకు 96 కిలోమీటర్ల వేగము పొందునని పెనో లెక్కగట్టెను.

అన్నియు ఉన్నవి, యంత్రము లేదు. ఇరువదినుండి ముప్పది గుఱ్ఱముల బలము కావలెను. ఆనాటి ఆవిరి యంత్రము అంత బలము నిచ్చునదే గాని, బొగ్గు, నీరు, ఇనుప కడవతో కూడి, తన బరువును తానే మోయజాలదు. విచిత్రమేమనగా, పెనో హక్కుపత్రము పొందిన 1876లోనే జర్మనీ దేశమున నికోలాస్ ఆటో క్రొత్తరకపు నాలుగు దెబ్బల యంత్రమును నడిపించెను. తరువాతి కాలమున మోటారు బండ్లకును, విమానములకును ప్రాణము పోసిన యంత్రము అదియే. కాని అది విమానమునకు తగినంత తేలిక యగుటకు ఇంకను ఇరువదియైదేండ్లు పట్టెను. పెనో తన కాలమునకు పాతికేండ్లు ముందుగా వచ్చెననుట అతిశయోక్తి కాదు.

యంత్రము లేకపోవుటకు తోడు ధనమును లేకపోయెను. పుల్లకును రబ్బరునకును ధనము అక్కరలేదు. పెద్ద విమానమునకు కావలెను. ఆయన తలుపు తట్టని చోటు లేదు. పలువురు నవ్విరి. విమర్శించిరి. రోగము మరింత బాధింపసాగెను. ఆ కాలమున ఫ్రాన్సులో ఆవిరి యంత్రమును బిగించిన బుడగను 1852లోనే నడిపి, పిమ్మట వేరొక యంత్రమువలన విశేషముగా ధనము గడించిన హెన్రీ జిఫార్ అను ప్రముఖుడు కలడు. పెనో ఆయనపై గంపెడాస పెట్టుకొనెను. అక్కడను సాయము దొరకలేదు. ఆయన తన పటములను శవపేటిక ఆకారముగల చిన్న పెట్టెలోనుంచి జిఫార్ ఇంట విడిచి వచ్చెనని చెప్పుకొందురు. 1880 అక్టోబరులో, ముప్పదియేండ్ల వయస్సున, అల్ఫాన్సు పెనో తన ప్రాణములను తానే తీసికొనెను. దేహవ్యాధియు, నిరాశయు కలిసి మనస్సును క్రుంగదీసినవేళ ఆయన చెంత ఆసరాగా నిలిచినవారు లేకపోయిరి. ఆ దుఃఖమున ఆయనకు తెలియని సంగతి యొకటి కలదు. అప్పటికే ఆయన బొమ్మ సముద్రము దాటి రెండేండ్లయినది.

1870లో ఆయన చేసిన నిట్టనిలువు బొమ్మను చూచి ఆటవస్తువులు చేయువారు అట్టివానిని చేసి అమ్మసాగిరి. 1878లో అమెరికా దేశమున మిల్టన్ రైటు అను క్రైస్తవ మతగురువు ప్రయాణమునుండి ఇంటికి వచ్చుచు అట్టి బొమ్మ నొకదానిని కొనితెచ్చెను. చేతులలో దాచి తెచ్చి, గది నడుమ గాలిలోనికి విసరెను. అది క్రింద పడుటకు మారుగా పైకెగిరి ఇంటికప్పును తాకెను. చూచి నిలిచిపోయిన పిల్లలు ఇరువురు. పెద్దవాడు విల్బరు, వయస్సు పదునొకండేండ్లు. చిన్నవాడు ఆర్విలు, ఏడేండ్లవాడు. వెదురు, బెరడు, కాగితముతో చేసిన ఆ బొమ్మ ఎన్ని దినములు నిలుచును? విరిగిపోయెను. పిల్లలు తామే అట్టివానిని చేసికొనిరి. అంతకంటె పెద్దవి చేసిరి; పెద్దవైన కొలది అవి సరిగా ఎగురకపోయెను. కారణము వారికి అప్పుడు తెలియలేదు. బొమ్మ పొడవు, వెడల్పు, ఎత్తు ఇనుమడించినచో రెక్కల వైశాల్యము నాలుగింతలే యగును గాని బరువు ఎనిమిదింతలగును. పెనోను బాధించిన లెక్కయు ఇదియే.

1903 డిసెంబరు 17వ తేదీన ఆ సోదరులు కిట్టీహాక్ అను ఇసుకమేటలయొద్ద, తాము నిర్మించిన పెట్రోలు యంత్రముగల విమానమును నడిపిరి. మొదటి తడవ ఆర్విలు దానిపై పరుండి 12 సెకండ్లలో 120 అడుగులు పోయెను. పెనో ప్లానోఫోరు 11 సెకండ్లలో 131 అడుగులు పోయిన సంగతి తలచుకొనదగినది. ఒకదానిలో మనుష్యుడున్నాడు, వేరొకదానిలో లేడు. ఆ భేదము సామాన్యమైనది కాదు. అయినను రెండు లెక్కలు ఇంత దగ్గరగా వచ్చుట చూడ ముచ్చటగా నున్నది. వేరొక భేదమును కలదు: రైటు సోదరులు తమ విమానమునకు తనంతట తాను నిలుచు గుణమును కావలెననియే విడిచిపెట్టిరి. నడుపువాని నేర్పుచేతనే అది నిలువవలెనని వారు తలచిరి. కొలది సంవత్సరములలోనే తక్కిన నిర్మాతలు మరల పెనో త్రోవకు వచ్చిరి. నేడు మనము ఆకాశమున చూచు ప్రయాణ విమానములకు వెనుక తోకయు, కొనలు పైకెత్తిన రెక్కలును ఉండుట అందరును ఎరిగినదే.

పెద్ద విమానముల మాట అటుండ, ఆయన చేసిన చిన్న విమానములును అంతరింపలేదు. పుల్లకు మారుగా బాల్సా అను కొయ్య వచ్చినది. దక్షిణ అమెరికాలోని ఈక్వడారు దేశమున విరివిగా పెరుగు ఈ చెట్టు కొయ్య మన బెండువలె తేలికయైనది. పదునైన కత్తికి సులభముగా తెగును. ఇక రేడియో తరంగములతో దూరమునుండి వస్తువును నడుపవచ్చునని నికోలా టెస్లా 1898లో న్యూయార్కునందు చిన్న పడవను నడిపి చూపెను. రబ్బరునకు మారుగా విద్యుత్తు వచ్చినది. 1957 జూన్ 30వ తేదీన ఇంగ్లండులో కర్నలు టాప్లిన్ అను ఆయన, బ్యాటరీతో నడచుచు రేడియో ఆజ్ఞలకు లోబడు నమూనా విమానమును ఎగురవేసెను. ఆనాటి బ్యాటరీలు బరువైనవి. నేటి లిథియం బ్యాటరీ ఆ కష్టమును తీర్చినది.

వరంగల్లు నగరమునకు చేరువనున్న మామునూరులో నిజాము పాలనాకాలమున విమానాశ్రయము వెలసెను. 1959లో ఆ నగరముననే ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల స్థాపింపబడెను. జాతీయ సాంకేతిక విద్యాసంస్థ అని ఇప్పటి పేరు. అట్టి ఊర ఒక విద్యార్థి బాల్సా విమానమును తన చేతులతో నిర్మింప దలచినచో, ముందుగా కాగితముపై పటము పరచి, దానిపై కొయ్యపలుకలనుంచి రెక్క ఆకులను కోయును. సన్నని కమ్మెలకు వానిని వరుసగా అతికి, పైన పలుచని పొర కప్పును. ముందు విద్యున్మోటారు, దాని వెనుక బ్యాటరీ, నడుమ రేడియో గ్రాహకము. సర్వో అను చిన్ని మోటారు ఒకటి తోకను పైకి క్రిందికి త్రిప్పును. వేరొకటి చుక్కానిని ప్రక్కకు త్రిప్పును. క్రొత్తగా నేర్చుకొనువాని విమానమునకు రెక్కలపై వేరే కదలు పలకలు సామాన్యముగా అక్కరలేదు. చుక్కాని త్రిప్పగానే ఎత్తిన రెక్కకొనలే విమానమును ఒరుగజేసి మలుపు త్రిప్పును. చేయి వదలగానే అవియే దానిని సరిజేయును. గాలిలో తికమకపడిన బాలుడు పిడిని వదలి ఊరకున్నను, తగినంత ఎత్తున నున్నచో విమానము తరచుగా తనంతట తాను నిలదొక్కుకొనును.

అన్నియు అమర్చినపిమ్మట రెండు వ్రేళ్ళకొనలను రెక్కల క్రింద, ముందు అంచునుండి మూడవవంతు వెనుకగా ఆనించి ఎత్తి చూడవలెను. తోక బరువై వెనుకకు వంగినచో ఎగురవేయరాదు. బ్యాటరీని ముందునకు జరుపవలెను. అంతకుముందే, రెక్కలోని రెండు సగములను అతుకునాడు, ఒక సగమును బల్లపై సమముగా పరచి, రెండవదాని కొనక్రింద కొయ్యదిమ్మ నుంచి, జిగురు ఆరువరకు కదలనీయకుండ తెల్లవారుదాక అటులనే ఉంచవలెను. ఆ దిమ్మ ఎంత ఎత్తుండవలెనో పటముపై గీసియే యుండును.